రివర్సులో వచ్చిన లారీ

చాంద్ పాషా దుకాణం బోర్డు మీద ఇంకా రేడియో బొమ్మే ఉంది. లోపల రేడియో కనబడి మాత్రం చాలా కాలమైంది. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, టీవీ రిమోట్లు, పిల్లలు బకెట్లో వేసిన ఫోన్లు... కోరుట్ల బస్టాండు ఎదురుగా ఉన్న ఆ ఒంటి షట్టరు దుకాణానికి అన్నీ వచ్చేవి. ఏది వచ్చినా ఆయన ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవాడు. లోపల గలగలమంటే ఆయన ముఖం వెలిగేది. "గలగలమంటున్నదంటే లోపట సామాను ఉన్నట్టే. సప్పుడు లేకుంటేనే పరేషాన్" అనేవాడు.

ఆ యేడు బతుకమ్మ పండుగ ముందర వానలు దంచికొట్టాయి. కాస్త తెరిపిచ్చిన ఒక పొద్దున, షేర్ ఆటోలోంచి కొమురవ్వ దిగింది. చంకలో తువ్వాలు చుట్టిన మూట. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు, దాని తల దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, బురద గుంటలు తప్పించుకుంటూ దుకాణం వైపు వస్తోంది.

పక్కనే చాయ బండి నడిపే పోశం ఊరుకోలేదు. "ఓ పాషా భాయ్, అవ్వ పసిపిల్లను తెస్తున్నది. పిల్లల దవాఖాన వెనుక సందుల ఉన్నదని చెప్పు."

"నీ చాయల ఇన్ని పాలు పొయ్యి ముందుగాల. నా పిల్ల సంగతి తర్వాత" అంది కొమురవ్వ నడక ఆపకుండానే.

బల్ల మీద పెట్టి తువ్వాలు విప్పింది. మూరెడు పొడుగు బొమ్మ లారీ. ఎర్ర తల, పచ్చటి తొట్టి, ఆరు చక్రాలు. పక్కన దాని రిమోటు, సగానికి విరిగిన ఏరియలు.

చాంద్ పాషా కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అలాంటి లారీని ఆయన చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి. చూడటం మాత్రం చాలాసార్లు చూశాడు, అద్దం బయట నుంచి. గల్ఫ్ దేశం పోయినవాళ్ల ఇళ్లలో అద్దాల బీరువాకు ఒక ధర్మం ఉంటుంది. అందులో పెట్టిన వస్తువును వాడకూడదు. సీసాలో సెంటు ఎండిపోయినా మూత తీయకూడదు. పులిబొమ్మ కంబళి ఎంత చలికైనా కిందికి దిగకూడదు. వచ్చినవాళ్లు చూడాలి, ఇంటివాళ్లు తుడవాలి. అంతే.

"మా ఆయన తెచ్చింది" అంది కొమురవ్వ. "మొదటిసారి సెలవుల మీద అచ్చినప్పుడు."

ఆమె భర్త మొగిలయ్య గౌడ్ చాంద్ పాషాకు తెలుసు. తాళ్లెక్కి కల్లు గీసే పని వదిలి సౌదీలోని దమ్మాం పోయి, అక్కడ ఎడారి రోడ్ల మీద లారీలు తోలి, నడుం నొప్పితో ఇంటికి తిరిగొచ్చినవాడు. వచ్చాక ఈ దుకాణం ముందు కూర్చుని చాయ తాగుతూ పోశానికి అరబ్బీ తిట్లు నేర్పినవాడు. మొన్న ఎండాకాలంలో పోయాడు.

అంతలో చాంద్ పాషా ఫోను మోగింది. సిరిసిల్లలో టీచరుగా పనిచేసే సుగుణ, కొమురవ్వ బిడ్డ.

"పాషా చాచా, అవ్వ అచ్చిందా? బండి నడవకున్నా ఏం కాదు. చూడ మంచిగుండాలె, గంతే. గీతలు, మరకలు ఏం కనవడద్దు. కొత్తగ రంగెయ్యి. అద్దాల డబ్బా నేనిక్కడ చేయిస్తున్న. బాపు ఫొటో కింద పెడ్త. దసరా నాడు డబ్బా పట్టుకొని అస్త."

ఆమె మాటలు ఎప్పుడూ అలాగే, నల్లబల్ల మీద రాసినట్టు వరుసగా ఉంటాయి. 'బాపు' అన్న దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంది.

"ఏమన్నది?" అడిగింది కొమురవ్వ.

"నడవకున్నా మంచిదే, చూడ ముద్దుగుండాలె అన్నది."

"అది టీచరమ్మ. ఎవల్నైనా కదలకుంట కూసోపెట్టుడే దానికి తెలుసు. నడవనిది బండెట్లయితది? నువ్వు నడిపియ్యి పాషా. దసరాకు నిమ్మకాయ తొక్కాలె."

"ఈ యేడు మీ ఇంట్ల పండుగ లేదు గద అక్కా?"

"మా ఇంట్ల లేదు. నీ దుకాణంల ఉంటది గద."

అది నిజమే. ఏటా దసరా నాడు పోశం వచ్చి చాంద్ పాషా సోల్డరింగ్ కడ్డీకి, పట్టకార్లకు, చివరికి ఆయన కుర్చీకి కూడా బంతిపూలు కట్టి పోయేవాడు. గిరాకీ వాళ్లు తమ స్కూటర్లను ఇక్కడే పూజించుకునేవారు. ఆయన భార్య అమీనా ఉన్నప్పుడైతే నిమ్మకాయలన్నీ ఆమే ఏరి పెట్టేది. చిన్నవి, గుండ్రటివి, చక్రం కింద జారిపోనివి. ఆమె పోయి రెండు దసరాలైంది. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు ఆమె ఫోనులో పెట్టుకున్న అలారం ఇప్పటికీ ఇంట్లో మోగుతూనే ఉంది. చాంద్ పాషా దాన్ని ఆపి లేస్తాడు గానీ, తీసెయ్యలేదు.

"పండుగనాడే కొత్త జిల్లాలంట గద" అంటూ పోశం చాయ గ్లాసులు తెచ్చి పెట్టాడు. "నీ బిడ్డ సిరిసిల్ల జిల్లా, నువ్వు జగిత్యాల జిల్లా. ఇగ పరాయి జిల్లా నుంచి చుట్టమచ్చినట్టే."

"మా ఆయన పరాయి దేశంల ఉంటే ఓర్సుకున్న. గీ జిల్లా నాకో లెక్కనా?" అని కొమురవ్వ చాయ రుచి చూసి, "పాలు పోసినవు. బతికినవు" అంది.

చాంద్ పాషా లారీని బోర్లా తిప్పి, సెల్లు వేసే మూత తీశాడు. లోపల సెల్లు కారి, పచ్చగా తెల్లగా పొక్కు కట్టి, రేకులను తినేశాయి. పాత గోడకు పట్టిన పాకుడులాగా ఉంది.

"అరె అల్లా! అక్కా, గీ సెల్లు ఎన్నడేసినయి?"

"ఆయన దమ్మాంల ఉన్నప్పుడు. ప్రతి దసరాకు పాతయి తీసి, ఎంబడే కొత్తయి ఏసేదాన్ని."

"నిమ్మకాయ తొక్కినంక తీసి పక్కకు పెట్టద్దా?"

"గట్లెట్ల తీస్త?" కొమురవ్వ ఆయన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ఆయన అక్కడ రోడ్డు మీద ఉండంగ, ఇక్కడ సెల్లు తీస్తే బండి బందువెట్టినట్టు గాదా?"

"సరే. మరి ఆయన ఇంటికచ్చినంకనన్న తీసేది ఉండె."

"ఆయన ఇంటికచ్చినంక గీ బండి సంగతి ఎవలకు యాదికుంటది పాషా?" అంది కొమురవ్వ. అంటూ నవ్వింది. నవ్వి, తువ్వాలు మడతపెట్టుకుంది.

"సెల్లు ఉంచితే కారుతయి అక్కా. ఏ బండికైనా గంతే" అన్నాడు చాంద్ పాషా మెల్లగా.

ఆమె పోయాక ఆయన పోశం దగ్గర నిమ్మకాయ ముక్క అడిగి తెచ్చి, ఆ రసంతో పాత బ్రష్షు ముంచి రేకులను రుద్దాడు. నురగ వచ్చి పచ్చదనం కరిగింది. తినేసిన రేకు చోట పాత టార్చిలైటు రేకు కత్తిరించి అతికించాడు. మూలన పడి ఉన్న ట్రాన్సిస్టర్ ఏరియలు ఊడదీసి రిమోటుకు పెట్టాడు. లారీల మీద పేర్లు రాసే పెయింటరు దగ్గర గిన్నెడు ఎర్ర రంగు, కొంచెం పచ్చ రంగు తెచ్చి ముందు తల భాగానికి పూశాడు. కొట్టు కట్టేవేళ దాటినా ఇంటికి పోబుద్ధి కాలేదు. ఇంట్లో గలగలమనేది ఏమీ లేదు.

రంగు వేయడం తొట్టి వెనక భాగానికి వచ్చేసరికి బ్రష్షు ఆగింది. వెనక బంపరు మీద పసుపు, కుంకుమ. ఒక బొట్టు మీద ఒకటి, ఒక పొర మీద ఒకటి, చెట్టు బెరడులా గట్టిపడి ఉన్నాయి. ముందు బంపరు మీద చూస్తే ఒక్క చుక్క లేదు.

మర్నాడు పోశానికి చూపించాడు.

"ఎవలన్న బండికి ముందట బొట్టు పెడ్తరు. గిదేందే, ముడ్డికి పెట్టిర్రు!" అన్నాడు పోశం.

"గదే నాకు సమజైత లేదు."

కింద మూత విప్పి గేరు పెట్టె తెరిచాక ఆయనకు ఇంకా వింతగా తోచింది. గేరు చక్రం పళ్లు ఒక పక్కనే అరిగిపోయాయి. ఇంకో పక్క నున్నగా, అంచు చెదరకుండా, పెట్టెలోంచి అప్పుడే తీసినట్టున్నాయి. బండి ముందుకు పోతే ఒక పక్క అరుగుతుంది, వెనక్కి పోతే రెండో పక్క. పిల్లల బండి ఏదైనా ముందుకే ఎక్కువ నడుస్తుంది. ఇది మాత్రం వేరు.

"పోశం, గీ బండి ఎప్పుడు సూసినా రివర్సుల్నే నడిచిందిర."

"దమ్మాం నుంచి కోరుట్ల దాక ఎనుకకు నడుసుకుంటనే అచ్చిందేమో!" అని పోశం నవ్వాడు. చాంద్ పాషా కూడా నవ్వాడు.

అన్నీ బిగించి కొత్త సెల్లు వేసి మీట నొక్కితే, ముందుకు లారీ నీటి మీద బాతులా తిన్నగా సాగింది. వెనక్కి మాత్రం కిర్రుమంది గానీ కదల్లేదు. అరిగిన పళ్లు జారిపోతున్నాయి. పోనీలే, ముందుకు పోతే చాలదా, బండి అన్నాక పోయేది ముందుకే కదా అనుకున్నాడు. చాన్నాళ్ల తర్వాత ఏదో మంచి పని చేసినట్టనిపించి, ఆ రోజు రెండు చాయలు తాగాడు.

బీడీల కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి, ఖాళీ గంపతో కొమురవ్వ మళ్లీ వచ్చింది. చాంద్ పాషా ఏమీ చెప్పకుండా లారీని దుకాణం గచ్చు మీద పెట్టి, మీట ముందుకు తోశాడు. లారీ బయలుదేరింది. గడప వైపు, వీధి వైపు.

"వద్దు!"

గంప ఒక దిక్కు పడింది. కొమురవ్వ వంగి లారీని రెండు చేతులా ఎత్తి గుండెకు పట్టుకుంది. చక్రాలు ఇంకా తిరుగుతూ ఆమె కొంగును లాగుతున్నాయి. "ముందుకు వద్దు పాషా. ముందుకు నడపకు."

చాంద్ పాషా మీట వదిలేశాడు. స్టూలు జరిపి ఆమెను కూర్చోబెట్టాడు. పోశం చాయ తెచ్చి పెట్టి పోయాడు.

"ఇది తెచ్చినప్పుడు గల్లీ గల్లంత నవ్విండ్రు" అంది ఆమె. "ఆడిపిల్లకు లారీ ఏందని. నేనేం తోలుతున్ననో నా బిడ్డకు తెల్వద్దా అన్నడు ఆయన. గల్లీల ముందుకు నడిపి సూపిచ్చిండు. సెలవు అయిపోయింది, పోయిండు. ఆయన పోయిన నెలకే మా ఎనుకింటాయన డబ్బాల అచ్చిండు. దుబాయ్ నుంచి."

డబ్బా అంటే శవపేటిక అని చాంద్ పాషాకు చెప్పనక్కర్లేదు. ఆ చుట్టుపక్కల ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"దసరా అచ్చింది. ఆయన లారీ అక్కడున్నది. దానికి ఎవలు పూజ చేస్తరు? గిదే ఆయన లారీ అనుకున్న. బొట్టు పెట్టి, నిమ్మకాయ పెట్టి, రిమోటు పట్టుకున్న. ముందుకు నడపబుద్ధి కాలే. ముందుకు నడిపితే ఇంకింత దూరం పోతడనిపిచ్చింది. ఎనుకకు నడిపిన. ఇంటి దిక్కు. ఎనుక చక్రంతోనే తొక్కిచ్చిన. ఇగ ప్రతి ఏడు గంతే. ఎవలకు చెప్పలే. చెప్తే నవ్వుతరు."

"ఆయనకు గూడనా?"

"ఆయనకసలే చెప్పలే." ఆమె లారీ తల మీద కొత్త రంగును వేలితో తడిమింది. "మా గల్లీకి ఇంకా డబ్బాలచ్చినయి పాషా. మా ఆయన మాత్రం కాళ్ల మీద అచ్చిండు. బస్సు దిగి, చెయ్యిల సంచి పట్టుకొని, నడుసుకుంట అచ్చిండు."

చాంద్ పాషా స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాడు. ఇలాంటప్పుడు ఆయనకు పని గురించి మాట్లాడటమే తెలుసు.

"అక్కా, పళ్లు ఒక పక్క అరిగినయి. చక్రం బోర్ల తిప్పి ఏస్తె ఎనుకకు మంచిగ పోతది, ముందుకు పోదు. గిట్లనే ఉంచితే ముందుకే పోతది. గసొంటి చక్రం ఇప్పుడు ఏడ దొరకది. రెండిట్ల ఒకటే."

"ఎనుకకే" అంది కొమురవ్వ.

ఆయన అక్కడే విప్పి, చక్రం తిప్పి బిగించాడు. లారీ వెనక్కి, ఆమె కాళ్ల దగ్గరికి, సప్పుడు లేకుండా వచ్చి ఆగింది. ఆమె గంప ఎత్తుకుని లేచింది. గడప దగ్గర ఆగి అడిగింది.

"ముందుకు పోయే దిక్కు పళ్లు అసలే అరగలేదా?"

"అరగలే. కొత్తగనే ఉన్నయి."

"మ్" అని వెళ్లిపోయింది.

దసరా నాడు పొద్దున్నే పోశం బంతిపూలతో దిగాడు. సోల్డరింగ్ కడ్డీకి దండ పడింది. స్కూటర్లు కడిగారు. కొబ్బరికాయలు కొట్టారు. బస్టాండులో ఎవరో పటాకులు కాల్చారు. కొత్త జిల్లాకో, పండుగకో తెలియలేదు. సుగుణ సిరిసిల్ల బస్సు దిగింది. మరమగ్గం గుడ్డలో చుట్టిన అద్దాల డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, అడుగు అడుగు చూసుకుంటూ వచ్చింది.

కొమురవ్వ రోడ్డుకు అవతలి పక్క అరుగు మీద కూర్చుంది. చావు జరిగిన యేడు, పూజ దగ్గరికి రానంది.

సుగుణ లారీని అటూ ఇటూ తిప్పి చూసింది. తల నిగనిగలాడుతోంది. వెనక బంపరు పాతదే.

"ఎనుక రంగు వెయ్యలేదేంది చాచా?"

"ఆ బొట్లు గీకబుద్ధి కాలే బిడ్డా."

సుగుణ ఆ పసుపు పొరలను చూసి సన్నగా నవ్వింది. "అవ్వకు రిమోటు ఉల్టా పట్టుకునుడు అలవాటు. ఏటా చెప్పేదాన్ని, ఉల్టా పట్టుకున్నవవ్వా అని. 'నాకు సదువచ్చునా బిడ్డా, ఎట్లస్తే గట్ల నడుపుత' అనేది. నా చేతికిచ్చేది గాదు. నేనిప్పటికీ మా క్లాసు పిల్లలకు గీ ముచ్చట చెప్పి నవ్విస్త."

చాంద్ పాషా ఏరి పెట్టిన చిన్న నిమ్మకాయ ఒకటి తీసుకుని, రోడ్డు పక్క చదునుగా ఉన్న చోట లారీని దింపి, వెనక చక్రం వెనుక పెట్టాడు.

"పాషా!" అవతలి నుంచి కొమురవ్వ కేక. "నిమ్మకాయ ముందట పెట్టు."

"ముందుకు పోదు గద అక్కా! నువ్వే ఎనుకకు పెట్టుమంటివి."

"మల్ల తిప్పెయ్యి."

"ఇప్పుడా?"

"ఆ, ఇప్పుడే."

"కొబ్బరికాయ కొట్టినంక ఆపరేషన్!" అన్నాడు పోశం. "పేషెంటును బల్ల మీదికి ఎక్కియ్యి భాయ్."

చాంద్ పాషా రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని మరలు విప్పసాగాడు. ఒక్కొక్కటి సుగుణ అరచేతిలో పెట్టాడు. సుగుణ మరలు పట్టుకునే తల్లి వైపు చూసింది. "ఎటు పోతే ఏందవ్వా?"

కొమురవ్వ లేచి, రోడ్డు దాటి వచ్చింది. పూజ చేసిన చోటికి కొంచెం ఎడంగా నిలబడింది.

"ఇన్నేండ్లు ఎనుకకు నడిపిన. ఇంటికి రావాలని. అచ్చిండు. ఇంట్ల ఉన్నడు, నా చేతి బువ్వ తిన్నడు. ఇప్పుడు పోయిండు. పోయినోన్ని ఇంకా ఎనుకకు గుంజుడు మంచిది గాదు బిడ్డా."

సుగుణ చేతిలో మరలు గలగలమన్నాయి.

"అంటె నువ్వు... ఉల్టా పట్టుకోలే."

"ఉల్టా ఎందుకు పట్టుకుంట? బీడీలు చుట్టే చేతులివి."

సుగుణ చేతిలోని మరలను ఒక్కొక్కటే చాంద్ పాషాకు అందించింది. ఆయన చివరిది బిగించి రిమోటును కొమురవ్వకు చాచాడు. ఆమె తీసుకోలేదు.

"దానికియ్యి. దాని కోసమే తెచ్చిండు. ఇన్నొద్దులు నేనే పట్టుకుంటి."

నిమ్మకాయ ముందు చక్రం కిందికి మారింది. సుగుణ మీట ముందుకు తోసింది. కొత్త పళ్లు పట్టాయి. లారీ నిమ్మకాయ మీదికి సగం ఎక్కి, అక్కడే ఆగి, వణికింది.

"ఆగింది! తొయ్యాలె!" పోశం ముందుకు వచ్చాడు.

"ముట్టకు" అంది కొమురవ్వ. "జరంత ఆగుతడు. ఎన్నడు పోయినా గడప కాడ జరంత ఆగేటోడు."

సుగుణ మీట వదల్లేదు. నిమ్మకాయ చిట్లింది. లారీ దాని మీంచి దిగి, స్కూటర్ల పక్కగా, చాయ బండి ముందుగా, తిన్నగా పోయింది. పోయి పోయి, రిమోటు అందని దూరంలో, ఆకుపచ్చ బస్సు నీడలో ఆగింది. వెంటనే ఎవరూ దాని దగ్గరికి పోలేదు.

తర్వాత చాంద్ పాషా వెళ్లి తెచ్చాడు. చక్రాలకు అంటిన నిమ్మ గింజను తుడవలేదు. సుగుణ డబ్బా మూత తెరిచి పట్టుకుంది. లారీని లోపల పెట్టబోతూ ఆయన ఆగాడు.

"అక్కా, సెల్లు..."

కొమురవ్వ లారీ వైపు చూసింది.

"తియ్యి" అంది. "ఉంచితే కారుతయని నువ్వే అంటివి గద."